ఓడలు తాగే యూరియా

ఆగస్టు 19, 2025, మంగళవారం. పొద్దున ముసురు, మధ్యాహ్నం కొంచెం తెరిపి. చేసిన పని: భూమవ్వ బోరు మోటరుకు వైండింగ్ పూర్తి. వార్నిష్ ఆరబెట్టాను.

బిడ్డా పద్మా,

పై వరుస చూసి నవ్వకు. రోజూ డైరీలో తేదీ, వాన, చేసిన పని రాసుకునే చెయ్యి ఇది. ఉత్తరం అని కూచున్నా ముందు అదే రాసింది. కొట్టేద్దామనుకుని ఉండనిచ్చాను. ఊళ్లో వాన పడుతోందని నీకు తెలియడం మంచిదే కదా.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఆఁ, మంచిగనే ఉన్న, ఇగో అవ్వకిస్తున్న" అంటాను. నువ్వు పూణె పోయినప్పటి నుంచి మనిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఇవే. చెప్పాలనుకున్నది ఫోన్ మీ అవ్వ చేతికి పోయాక గుర్తుకొస్తుంది. మళ్లీ తీసుకుందామంటే ఆమె ఇవ్వదు, కన్నతల్లి కదా. కాగితమైతే నా చేతిలోనే ఉంటుంది. పైగా మీ ఇంజన్ షెడ్డులోకి ఫోన్ తీసుకుపోనివ్వరనీ, బయట అరలో పెట్టి తాళం వేసుకుపోవాలనీ నువ్వే చెప్పావు. కాగితాన్ని ఎవరూ ఆపరనుకుంటాను.

సంగతేమిటంటే, నా చెప్పులను లైనులోంచి తీసేశారు.

యూరియా కరువు సంగతి అవ్వ నీకు చెప్పే ఉంటుంది. లారీ ఎప్పుడొస్తుందో సహకార సొసైటీ సెక్రటరీకి కూడా తెలియదు. అందుకని జనం తెల్లవారకముందే వచ్చి గోదాము ముందు వరుసగా చెప్పులు పెడతారు. ఆ తర్వాత మనిషి చాయ్ తాగి రావచ్చు, పొలం చూసి రావచ్చు, చెప్పు మాత్రం అక్కడే ఉండాలి. ఏ చెప్పు ఎవరిదో ఊరందరికీ తెలుసు. నా ఎడమ చెప్పు పట్టీ తెగితే వైండింగ్ రాగి తీగతో కట్టుకున్నాను కాబట్టి నాది మరీ బాగా తెలుసు.

మొన్న చెప్పులు పెట్టి అందరం గోదాము రేకుల కింద కూచున్నాం. నా పక్కన హనుమండ్లు. నీకు తెలుసు కదా, నాతో బడికి వచ్చినవాడు, ఇప్పుడు చాయ్ హోటల్ నడుపుతున్నాడు. పావలా వార్త లోపలికి పోతే రూపాయి వార్తై బయటికి వచ్చే హోటల్ అది. అతను చుట్టూ చూసి, మాట్లాడటానికి ఇంకెవరూ దొరక్క నన్ను పట్టుకున్నాడు.

"ఏమే లింగమూర్తి, అసలు నీ బిడ్డ గాడ ఏం కొలువు చేస్తుందే?"

"ఇంజన్ల కంపెనీల."

"ఏం ఇంజన్లు? బోరు మోటర్లా?"

అక్కడ "ఆఁ" అని ఊరుకుంటే అయిపోయేది. నా అలవాటు కూడా అదే. ఆరోజు ఏమైందో మరి, "ఓడల ఇంజన్లు" అన్నాను. అని ఊరుకున్నానా? "డీజిల్ కాదు, అమ్మోనియాతోని నడుస్తయి. పొగ రాదు" అని కూడా అన్నాను. రేకుల కింద అందరూ నా వైపు తిరిగారు. నేను ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు.

అమ్మోనియా అంటే ఏందని భూమవ్వ అడిగింది. తెలిసినంతలో చెప్పాను. "యూరియా తడిసి మురిగితె ముక్కుకు కొడతది సూడు, గదే. యూరియా దాంతోనే చేస్తరు."

"అంటె బస్టాండు ఎనుక గోడ వాసన."

"ఆఁ, గసొంటిదే."

"గా వాసనతోని ఓడ నడుస్తదారా? గట్లయితె మన బస్టాండు గీపాటికి బొంబాయి వోవాలె గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హనుమండ్లు ఒక్కడు నవ్వలేదు. గోదాము తలుపు దగ్గర మొదలై రోడ్డు దాకా పోయిన చెప్పుల వరుసను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. చూసి, "అంటె మనకు రావాల్సిన యూరియా ఓడలు తాగుతున్నయన్నట్టు" అన్నాడు.

కాదని చెప్పాలి. కానీ కాదో అవునో నాకు తెలియదు బిడ్డా. తెలియనిది చెప్పడమెందుకని ఊరుకున్నాను. నేను ఊరుకుంటే ఊరు దాన్ని అవునని రాసుకుంది. మధ్యాహ్నానికల్లా ఒక్కో ఓడ దినానికి మండలం యూరియా మొత్తం తాగుతుందయింది. సాయంత్రానికి నువ్వే పైపు పట్టుకుని ఓడ నోట్లో పోస్తున్నావు. దుబాయి నుంచి వచ్చినాయన ఒకడు ఆ ఓడను కళ్లారా చూశాననీ, ఎక్కువ తాగితే నురగ కక్కుతుందనీ చెప్పాడట.

మర్నాడు పోయేసరికి నా చెప్పులు వరుసలో లేవు. ఒకటి మురికి మోరీ పక్కన బోర్లా పడి ఉంది. రెండోది తుమ్మ కంపలో దొరికింది. మనుషులను వెలివేసిన సంగతులు విన్నాను గానీ చెప్పులను వెలివేయడం ఇదే మొదటిసారి చూడటం.

వరి పచ్చదనం తగ్గి పసుపు తిరుగుతోంది. అందుకే అడుగుతున్నాను, రెండు ముక్కల్లో రాయి చాలు. మీ ఇంజన్ మా యూరియా తాగుతుందా, తాగదా?

మిషన్ల దగ్గర జాగ్రత్త. జుట్టు గట్టిగా ముడేసుకో.

మీ బాపు
లింగమూర్తి


ఆగస్టు 30, శనివారం. వాన వెలిసింది, ఉక్కపోత. చేసిన పని: కుక్కర్లు.

బిడ్డా పద్మా,

కుక్కర్లేమిటని అడుగుతావు. అది చెప్పడానికే రాస్తున్నాను. నీ జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేలోపు ఇది నీకు చేరాలి. ఇంకొకరి నోటి నుంచి నువ్వు వినకూడదు.

మొదటి ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి అటు నుంచి అటే సొసైటీకి పోయాను. చెప్పులు విడిచి వరుస చివర పెట్టబోతుంటే హనుమండ్లు అడ్డం వచ్చాడు.

"ఓడలోల్ల లైను గీడ గాదే, సముద్రం కాడ ఉంటది. పోయి గాడ వెట్టుకో."

అందరూ నవ్వారు. నేను చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డాను. బిడ్డా, చెప్పులు కాళ్లకుంటే మనిషి ఎటైనా నడిచిపోగలడు. చేతిలో ఉంటే ఎటు పోవాలో తెలియదు. పసుపు తిరుగుతున్న వరి మడి గుర్తుకొచ్చింది. నోటి నుంచి నేననుకోని మాట ఒకటి వచ్చింది.

"నా బిడ్డ గా కొలువు ఇడిసివెట్టింది."

"మరి గిప్పుడేం చేస్తుంది?"

ఎదురుగా హనుమండ్లు హోటల్. హోటల్ పొయ్యి మీద ఆలుగడ్డలు ఉడుకుతున్న పెద్ద కుక్కర్.

"కుక్కర్ల కంపెనీల చేరింది."

నమ్మరేమో అనుకున్నాను. ఇట్టే నమ్మారు. ఓడ ఇంజన్ అంటే నమ్మడానికి పూటంతా పట్టింది గానీ కుక్కర్ అనగానే నమ్మేశారు. భూమవ్వ నా చేతిలోంచి చెప్పులు తీసుకుని తన చెప్పుల ముందు పెట్టింది. "ఆడివిల్లకు గదే మంచిగుంటది తియ్యి. ఓడలేంది, నీళ్లేంది" అంది.

రెండు రోజులకు లారీ వచ్చింది. నాకు రెండు సంచులు దొరికాయి. చల్లాను. మడి ఇప్పుడు పచ్చగా కళ్లకు చల్లగా ఉంది. ఒడ్డు మీద నిలబడి చూస్తే సంతోషం కలగాలి. కలగడం లేదు. ఆ పచ్చదనం దేన్ని ఇచ్చి తెచ్చుకున్నదో నాకు తెలుసు. నీ ఇంజన్‌ను రెండు సంచులకు మార్చుకున్నాను. ఈ ఒక్క వరుస రాయడానికి పొద్దున్నుంచి కూచున్నాను.

మీ అవ్వకు ఆ సాయంత్రమే తెలిసింది. ఒకే ఒక మాట అంది. "నేను ఏండ్లకేండ్లు బీడీలు సుట్టి దాన్ని ఇంజనీరును జేస్తె, నువ్వు వోయి కుక్కర్ల కుక్కినవా?" అంతే, అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పవలసి వస్తే కుక్కర్‌తో చెబుతుంది. "ఏ కుక్కరూ, బువ్వ వెట్టిన, తినమని జెప్పు గా పెద్దమనిషికి." "ఏ కుక్కరూ, మోటరు బందుజేసి రమ్మను." నేను కూడా అలవాటుపడి ఒకసారి కుక్కర్ వైపు చూసి "ఇంకొంచెం పులుసు" అన్నాను.

ఇంట్లో మన కుక్కర్ ఒక్కటే ఉంటే ఇంత బాధ లేదు. భూమవ్వ మర్నాడే తన కుక్కర్ తెచ్చి అరుగు మీద పెట్టింది. విజిల్ రావడం లేదట. "నీ బిడ్డ కంపెనీదేనాయె, జర సూడరా" అంది. అది ఏ కంపెనీదో దాని మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. కంపెనీలు వేరు వేరు ఉంటాయి గదా అవ్వా అంటే, "గాలి బుస్సుమనుడు అన్నిట్ల ఒక్కటే గదరా" అని పోయింది. విజిల్ శుభ్రం చేసి ఇచ్చాను. అదే నా తప్పు. ఇప్పుడు వైండింగ్ చేసుకునే చోటు లేదు. మూతలు, రబ్బర్లు, పిడి ఊడినవి, అడుగు మాడినవి. గణపతి మండపం వాళ్లు ప్రసాదం వండే కుక్కర్ కూడా మోసుకొచ్చారు. ఒక మోటరు బాగుచేయించుకోవడానికి వచ్చిన పొరుగూరాయన దుకాణం మారిందనుకుని వెనక్కి పోయాడు.

ఇంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. నువ్వు కొలువు మానేశావని నేనన్న రెండు రోజులకే లారీ వచ్చింది కదా, హనుమండ్లు ఆ రెండింటినీ కలిపి ముడేశాడు. "సూసిండ్రా, గా పిల్ల పైపు కింద వారేసింది, లారీ ఊళ్లెకు వచ్చింది" అని హోటల్‌లో చాయ్‌తో పాటు అందరికీ పోస్తున్నాడు. ఎనిమిదో తారీఖు సోమవారం సొసైటీ సభ ఉంది. అందులో నాకు శాలువా కప్పుతారట. సెక్రటరీ వచ్చి స్వయంగా చెప్పిపోయాడు: "బిడ్డతోని ఓడ కొలువు మాన్పించి రైతులను ఆదుకున్నందుకు."

అవ్వ వింది. కుక్కర్ వైపు తిరిగి, "శాలువ కప్పుకుంటె గా శాలువతోనే బయట అరుగు మీద పండుమను" అంది.

ఏం చేయాలో తోచడం లేదు. నిజం చెబితే రేపు లారీ ఆలస్యమైన ప్రతిసారీ నీ పేరే ఎత్తుతారు. చెప్పకపోతే నీ పేరు ఎత్తేవాళ్లే ఉండరు. నువ్వు తిట్టినా సరే, రాయి.

మీ బాపు
లింగమూర్తి


పూణె
సెప్టెంబర్ 3

బాపూ,

నీ మొదటి ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. బస్టాండు బొంబాయి పోయే దగ్గర చాయ్ ముక్కులోకి పోయింది. పక్కనున్న మరాఠీ పిల్ల ఏమైందంటే చెప్పాను. ఇప్పుడు మా షెడ్డులో గ్యాస్ కొంచెం లీకైనా అందరూ "బస్టాండ్, బస్టాండ్" అని అరుస్తున్నారు. భూమవ్వకు చెప్పు.

జవాబు రాస్తుండగానే రెండోది వచ్చింది. దాన్ని హాస్టల్‌కు తీసుకుపోయి చదివాను. కోపం రాలేదా అంటే వచ్చింది బాపూ. ఒక పూట ఉంది. కుక్కర్ అన్నందుకు కాదు. అది ఇంత తొందరగా నమ్మారే, అందుకు. తర్వాత నువ్వు కుక్కర్‌ను పులుసు అడగడం గుర్తొచ్చి నవ్వాను. నవ్విన తర్వాత మళ్లీ కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. మా ఇంజన్ ఇంకా పరీక్షల్లోనే ఉంది. అది తాగేది ఒక్క ట్యాంకర్‌కు మించదు. దానివల్ల మీ లారీ ఆగలేదు, ఇది ఖాయం. కానీ హనుమండ్లు కాక భయం మాత్రం పిచ్చిది కాదు. ఇప్పుడు అమ్మోనియా ఎక్కువగా భూమిలోంచి తీసిన గ్యాస్‌తోనే చేస్తున్నారు. యూరియాకూ అదే కావాలి. రేపు ఓడలన్నీ దాన్నే కొనుక్కోవడం మొదలుపెడితే రైతు గతేమిటని ఇక్కడ మా సార్లు కూడా బల్లలు గుద్ది కొట్లాడుకుంటారు. మేం కోరేది వేరే అమ్మోనియా. నీళ్లలోంచి కొంత, గాలిలోంచి కొంత తీసి, ఎండతో పుట్టిన కరెంటుతో రెండూ కలిపి చేసేది. దాంతో నడిస్తే ఓడ వెనక నల్లపొగ ఉండదు, రైతు సంచి మీద చెయ్యి పడదు. అలాంటిది ఇంకా సరిపడా లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇంకో సంగతి. అమ్మోనియా తొందరగా అంటుకోదు. ఎంత ఒత్తినా మొండికేసి కూచుంటుంది. అందుకని ముందు కొంచెం డీజిల్ చిమ్మి మంట రాజేస్తాం, ఆ మంట పట్టుకుని ఇది మండుతుంది. ఒకసారి అంటుకుందంటే మాత్రం దాని బలానికి తక్కువ లేదు. అవ్వకు ఫోన్‌లో ఇది చెబితే ఏమందో తెలుసా? "అంటె మీ బాపు అసొంటిదన్నట్టు. నేను డీజిల్."

మొన్న శుక్రవారం మా ఇంజన్ మొదటిసారి నడిచింది బాపూ. నువ్వు కుక్కర్లకు రబ్బర్లు మారుస్తున్న రోజుల్లోనే. ఎక్కువసేపు కాదు, ఒక చాయ్ చల్లారేంతసేపు. తర్వాత దగ్గి ఆగిపోయింది. అయినా అందరం ముఖానికి మాస్కులతోనే ఎగిరి గంతులేశాం. నీకు చెబుదామని ఫోన్ చేస్తే "ఇగో అవ్వకిస్తున్న" అన్నావు.

శాలువా కప్పుకో. నిజంగానే చెబుతున్నాను. నీకు ఆ లైను కావాలి. రోజూ ఆ మనుషుల మధ్యే ఉండేవాడివి. నేనేం చేస్తున్నానో ఊరికి తెలియకపోయినా నా ఇంజన్ నడుస్తుంది. నీకు తెలుసు, అది చాలు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. రేకుల కింద "ఓడల ఇంజన్లు" అన్నప్పుడు నీ ముఖం ఎట్లా ఉందో భూమవ్వను అడిగి రాయి. నాకు ఫోన్‌లో ఎప్పుడూ కనబడలేదు.

నీ పద్మ


సెప్టెంబర్ 9, మంగళవారం. మబ్బు పట్టింది, చినుకు లేదు. చేసిన పని: ఇవాళ ఇంకా ఏమీ చేయలేదు. ఉత్తరం చివర రాస్తాను.

బిడ్డా పద్మా,

ఈ కవరు లావుగా ఉందని కంగారుపడకు. అందులో ఏముందో చెబుతాను. ముందు నిన్నటి సభ సంగతి.

నీ ఉత్తరం నిన్న పొద్దున్నే అందింది. చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాను. శాలువా కప్పుకోమన్నావు కదా, కప్పుకుని వచ్చేద్దామనే పోయాను. గోదాములో కుర్చీలు వేశారు. సంచులు లేని గోదాము చాలా పెద్దగా ఉంటుంది, చిన్నగా దగ్గినా మోగుతుంది. సెక్రటరీ మైకు పట్టుకుని నా గురించి చదివాడు. బిడ్డ కన్నా రైతే ముఖ్యమనుకున్న మహానుభావుడని అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ ఉక్కలో అది గొంగడిలా ఉంది. రెండు మాటలు మాట్లాడమన్నారు.

మామూలుగా నేను చేతులు జోడించి కూచుంటాను. చేతులు జోడించాను కూడా. అప్పుడు జేబులో నీ ఉత్తరం చప్పుడు చేసింది. వెనక వరుసలో మీ అవ్వ కనిపించింది. నన్నే చూస్తోంది. అక్కడ కుక్కర్ లేదు మరి, నన్నే చూడాలి. మైకు ముందు నోరు తెరిచాను.

"నా బిడ్డ కుక్కర్ కంపెనీల లేదు."

గోదాము అంతా మోగింది. తర్వాత ఎవరూ దగ్గలేదు.

భూమవ్వే ముందుగా తేరుకుంది. "మరి నా విజిలు ఎట్ల మంచిగయిందిరా?"

"గది నేను జేసిన అవ్వా."

"అయితె ఫికర్ లేదు, జెప్పు."

చెప్పాను. నువ్వు ఓడల ఇంజన్లే చేస్తున్నావనీ, ఏనాడూ మానలేదనీ, చెప్పులు లైనులో పెట్టనివ్వకపోతే నేనే అబద్ధమాడాననీ చెప్పాను. ఇంజన్ మొదటిసారి నడిచిందనీ, చాయ్ చల్లారేంతసేపు నడిచిందనీ చెప్పాను. మైకులో నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. హనుమండ్లు లేచి నిలబడ్డాడు.

"గా సేపట్ల ఎన్ని సంచులు తాగిందే?"

జేబులోంచి నీ ఉత్తరం తీసి ఆ ముక్క చదివాను. మీ లారీ దానివల్ల ఆగలేదన్నది చదివాను. హనుమండ్లు కాక భయం పిచ్చిది కాదన్నదీ, అక్కడ సార్లు కూడా బల్లలు గుద్ది అదే కొట్లాడుకుంటారన్నదీ దాచకుండా చదివాను. హనుమండ్లు ఒక అడుగు ముందుకొచ్చాడు.

"నా ముచ్చట పూణెల నడుస్తుందా?"

"నీ పేరుతోనే రాసింది."

"బల్లలు గుద్దుతున్నరా?"

"గట్లనే రాసింది."

అతను చుట్టూ అందరి వైపు ఒకసారి చూసి, కండువా సర్దుకుని, "గా పిల్లను ఎవ్వడన్న ఏమన్న అంటె మంచిగుండది, చెప్తున్న" అని కూచున్నాడు. అప్పటిదాకా నిన్ను అన్నదంతా అతనే.

అక్కడితో ముగిస్తే ఈ కవరు ఇంత లావయ్యేది కాదు. నీళ్లు, గాలి, ఎండ అని చదివాను కదా, భూమవ్వ దాన్ని పట్టుకుంది. "నీళ్లు, గాలి, ఎండతోని ఓడకు జేస్తె, మనకెందుకు జెయ్యరు? మనకేమన్న ఎండ తక్కువున్నదా? ఎండకాలం వచ్చి కావల్సినంత గుంజుకపొమ్మను!" అంది. గోదాము లేచి నిలబడింది. గాలి మా గుట్ట మీద ఉందని ఒకరు, నీళ్లు మా కాలువలో ఉన్నాయని ఇంకొకరు. పద్మ మనసు పెడితే మన మెట్‌పల్లిలోనే యూరియా అవుతుందని తీర్మానించారు. నువ్వు చేసేది ఇంజన్ గానీ యూరియా కాదని మైకులోనే మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు. ఊరు నా నోటి నుంచి రోజుకు ఒక్క నిజమే తీసుకుంటుందని అర్థమైంది.

కవరులో ఉన్నవి అందరి ఆధార్ జిరాక్సులు, పట్టా పాసుపుస్తకాల జిరాక్సులు. ఎవరికెన్ని సంచులు కావాలో వెనక రాసి వేలిముద్రలు వేశారు. హనుమండ్లు తనది పైన పెట్టమన్నాడు. ఏం చేస్తావో నీ ఇష్టం. బల్ల గుద్దే సార్లకు చూపించు. లైను ఎట్లా ఉంటుందో వాళ్లు చూసి ఉండరు.

శాలువా తిరిగి అడగడం ఎవరికీ గుర్తు రాలేదు. మీ అవ్వ దాన్ని ఇంటికి తెచ్చి దుమ్ము పడకుండా కుక్కర్ల మీద కప్పింది. కప్పి నా వైపు తిరిగింది. నావైపే, బిడ్డా. "అంటుకోను అంటుకోను అని, గోదాములనే అంటుకున్నవు గదయ్యా" అంది. పులుసు అడగకుండానే పోసింది.

ఇక నువ్వడిగిన ముచ్చట. భూమవ్వను అడగడానికి సిగ్గేసింది. నిన్న సాయంత్రం కుక్కర్ విజిల్ మళ్లీ చూసే వంకతో పోయి అడిగాను. ఆరోజు నా ముఖం ఎట్లుండె అవ్వా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎట్లుంటది? పండ్లన్ని బయటవడ్డయి. నీకు గన్ని పండ్లున్నయని నాకు గప్పుడే తెలిసింది" అంది. ఆమె అన్నది అన్నట్టే రాశాను. నేనైతే ఇంకోలా రాయలేను.

వచ్చేసారి ఫోన్ చేస్తే అవ్వకు వెంటనే ఇవ్వను. ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటాను. నువ్వు ఇంజన్ ఎంతసేపు నడిచిందో చెప్పు. నేను వాన సంగతి చెబుతాను.

వీధిలో ఏదో గోల. లారీ వచ్చిందట. మీ అవ్వ "ఏమయ్యా, లారీ!" అని అరుస్తోంది. కుక్కర్‌తో కాదు, నాతోనే. గడప దగ్గర చూస్తే నా చెప్పులు లేవు. ఈసారి ఇంటి నుంచే వెలివేశారా అనుకున్నాను. భూమవ్వ దడి అవతల నుంచి పోతూ కేక వేసింది: "చెప్పులకు దేవులాడకురా! పద్మ తండ్రివని పొద్దుగాలనే తీస్కవోయి అందరికంటె ముందట వెట్టినం. ఉత్తకాళ్లతోనే ఉరుకు!"

పోతున్నాను బిడ్డా. ఈ ఒక్క వరుస నింపి పోతాను. చేసిన పని: